అంశతః

సిరొంచ తహసీలు కచేరీ గోడకు ఆనుకొని
నా రేకు బల్ల, రెండు కుర్చీలు, అట్ట ఊడిన మరాఠీ నిఘంటువు.
తెలుగులో ఏడిస్తే మరాఠీలో రాసిపెడతాను.
కాగితానికి ఇరవై. కన్నీళ్ళకు వేరే లెక్క లేదు.

దుర్గం పోశక్క చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది.
ఎర్రమడుగు ఒర్రె దాటబోయి
దూడ కొట్టుకుపోయిందట.
"రెండు తూములేస్తే చాలు.
సర్కారుకు రాయి."

సర్కారంటే ఎవరని రాయను?
ఈ గోడ వెనకాల కూర్చున్నాయన పైకి పంపుతాడు,
ఆ పైనాయన అభిప్రాయం జోడించి ఇంకా పైకి.
"చివరికి ఒక మంత్రి ఉంటాడక్కా, ఆయన ఔనంటే ఔతది."
"ఆయన్నెవరు కూసోబెట్టిన్రు?"
"సభలో ఎక్కువ చేతులు ఎటు లేస్తే అటు."
"ఆ చేతులనెవరు పంపిన్రు?"
నేను జవాబు చెప్పలేదు.
ఆమె ఎడమచేతి వేలి గోటి మొదట్లో
సిరా మరక ఇంకా పోలేదు.

చలికాలం సభ నాగపూరుకు దిగింది.
మా ఆమ్దారు ఎదుటి పక్షం మనిషి,
అర్జీ నకలు జేబులో వేసుకొని పోయి అడిగాడు:
సదరు ఒర్రెలో పశువులు కొట్టుకుపోతున్నవి, ఇది నిజమేనా?
ఆ ఒర్రెను కలలోనైనా చూడని మంత్రి
ఇంజినీరు రాసిచ్చిన చీటీ విప్పి
లేచి నిలబడి చదివాడు:
"అంశతః నిజం."

పేపర్లో నాలుగు వరుసలు. చదివి వినిపించాను.
"అంశతః అంటే?"
"కొంత నిజమని. సగమనుకో."
"నా దూడ సగమే కొట్టుకపోయిందా?"

నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు.
కాసేపాగి అడిగింది:
"అంత పెద్దోడు నా దూడ కోసం లేచి నిలబడ్డడా?"
"నిలబడ్డడు."
"కూసోని చెప్పరాదా?"
"రాదక్కా. అక్కడ అడిగితే నిలబడే చెప్పాలె."
ఆ మాటను ఆమె తమలపాకులా
దవడన పెట్టుకొని పోయింది.

కామదహనం నాటికి ముంబైలో
పదకొండు చేతులు అటునుంచి ఇటు మారాయి.
మన మంత్రి తప్పేమీ లేదు.
అయినా ప్రాణహితలో పడవ బోల్తా పడితే
తెడ్డేసినోడు, ఊరికే కూర్చున్నోడు, అందరూ తడవాల్సిందే.
కొత్తవాళ్ళు వచ్చేదాకా పాతవాళ్ళే పొయ్యికి కాపలా:
నిప్పు ఆరనీయరు, కొత్త కూర వండరు.
ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంది.
ఎవరు వచ్చినా సంతకం ఎక్కడ చేయాలో
గుమాస్తా పెన్సిలుతో గుర్తుపెట్టి ఉంచాడు.

రోహిణి ఎండల్లో ఉత్తర్వు వచ్చింది.
రాజ్యపాలుని ఆదేశానుసారం, వారి పేరిట, అని ఉంది.
కింద సంతకం ఎవరో కక్ష అధికారిది.
పోశక్క కాగితాన్ని తిరగేసి చూసింది,
వెనకవైపు ఎవరైనా దాక్కున్నారేమోనన్నట్టు.
"పేరున్నాయన రాయలే.
రాసినాయన అనుకోలే.
అడిగితే నిలబడ్డాయన ఇంట్ల కూసున్నడు.
మరి తూములు ఎవరు పంపుతున్నట్టు?"
ముప్పై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను,
దీనికి ఒక్క వాక్యం దొరకలేదు.

తూములు వచ్చాయి. నిజంగానే, రెండూ.
ఒర్రె ఒడ్డున దింపి లారీ వెళ్ళిపోయింది.
ఒకదాంట్లో కుక్క ఈనింది.
ఇంకోదాంట్లో పిల్లలు ఈ చివర తెలుగులో కేకేస్తే
ఆ చివర మాడియా పోరడు బదులిస్తున్నాడు.
ఇంతలో మృగశిర కార్తె.

మళ్ళీ వచ్చింది. ఈసారి చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.
"రాయి. తూములొచ్చినయి, మన్ను రాలే."
"ఎవరికి రాయమంటవు?"
"ఆ నిలబడేటాయనకు."
"ఆయన దిగిపోయిండు కదక్కా."
"ఎవడుంటే వానికే. ఆ కుర్సీల కూసున్నోడు
అడిగితే లేవాలె గద."

రాశాను. వేలిముద్ర వేసింది.
కొంగు ముడి విప్పి
బల్ల మీద పది రూపాయలు పెట్టింది.
నేను ఆమె మొహంలోకి చూశాను.
"అంశతః," అంది.
"తక్కింది మన్ను పడ్డంక."